విదేశంలో ఉంటూ మన శిశుగృహ నుంచి బిడ్డను దత్తత తీసుకోవడం ఎలా?

ప్రతి డిసెంబరులో మా శిశుగృహ గేటు ముందు కారొకటి ఆగేది. లోపల సెలవులకి ఇండియా వచ్చిన జంట, వెనక సీట్లో వాళ్ళ మేనమామో పెద్దమ్మో, డిక్కీలో దుప్పట్లు, బిస్కెట్ల పెట్టెలు. కాసేపు కూర్చుంటారు, కాఫీ వద్దంటారు, చివరికి అసలు మాట బయటికొస్తుంది. "ఒకసారి పిల్లల్ని చూడొచ్చా మేడమ్? నచ్చితే ఫార్మాలిటీస్ ఎన్నున్నా చేసేస్తాం." కుదరదండీ అంటే కొందరు చిన్నబుచ్చుకునేవాళ్ళు, ఒకాయనైతే అక్కడికక్కడే ఎవరో లీడరుతో ఫోన్ చేయించాడు. పన్నెండేళ్ళు అక్కడ సోషల్ వర్కర్‌గా చేసి ఇప్పుడు మానేశాను కాబట్టి, అప్పుడు గేటు దగ్గర నిలబడి రెండు ముక్కల్లో చెప్పలేకపోయిందంతా ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా.

పిల్లల్ని వరుసగా నిలబెట్టి చూపించే పద్ధతి చట్టంలో లేదు. చట్టం సంగతి అటుంచండి, నాలుగేళ్ళ పిల్లకి ఆ కొత్తవాళ్ళు ఎందుకొచ్చారో ఇట్టే తెలిసిపోతుంది. కారు వెళ్ళిపోయిన రాత్రి మా దగ్గర పక్క తడిపేవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఎక్కువయ్యేవాళ్ళు, దుప్పట్లు మార్చేది ఆయమ్మలు. అందుకని శిశుగృహకి మీరు రావాల్సింది అన్నిటికంటే చివర్న. మొదలెక్కడంటే, మీరిప్పుడు కూర్చుని ఇది చదువుతున్న ఊళ్ళోనే.

ముందు మీ పాస్‌పోర్టు తీసి చూడండి

ఇండియన్ పాస్‌పోర్టుతో బయట ఉంటున్నారా? అయితే మీరు ఎన్నారై, వరుసలో ఇక్కడుండే దంపతులతో సమానం. అక్కడి పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు పెట్టుకున్నారా? మీ వరుస వాళ్ళ తర్వాత. 2015 జువనైల్ జస్టిస్ చట్టం 59వ సెక్షన్ ఏం చెబుతుందంటే, బిడ్డ దత్తతకి చట్టపరంగా సిద్ధమైన రోజు నుంచి 60 రోజుల్లో ఇక్కడి కుటుంబం గానీ ఎన్నారై కుటుంబం గానీ దొరక్కపోతేనే విదేశీ దత్తతకి ఇవ్వొచ్చు. వైకల్యం ఉన్న పిల్లలకి, విడదీయకూడని తోబుట్టువులకి, ఐదేళ్ళు దాటినవాళ్ళకి విదేశీ దత్తతలో ప్రాధాన్యం ఇవ్వొచ్చని కూడా అందులోనే ఉంది. దీనర్థం మీకు సూటిగా చెప్పేవాళ్ళు తక్కువ కాబట్టి నేను చెబుతున్నా: ఓసీఐ జంట "ఆరోగ్యంగా ఉన్న ఆర్నెల్ల పాప" అని మనసులో పెట్టుకుని మొదలుపెడితే ఏళ్ళు గడుస్తాయి తప్ప పని జరగదు. ఎన్నారైలకి కూడా పసిపాప కావాలంటే మూడేళ్ళు దాటిన ఎదురుచూపే. దేశంలో రిజిస్టరై ఎదురుచూస్తున్నవాళ్ళు 30 వేలకి పైనే, దత్తతకి సిద్ధంగా ఉన్న పిల్లలు రెండు మూడు వేలు. 2024-25లో దేశం మొత్తం మీద 4,515 దత్తతలు జరిగితే అందులో 4,155 దేశం లోపలివే. బయటికి వెళ్ళింది 360 మంది.

అలాగని నిరాశపడొద్దు. "స్పెషల్ నీడ్స్" అన్న మాట వినగానే చాలామంది భయపడి ఫోన్ పెట్టేస్తారు గానీ, అందులో గ్రహణం మొర్రికి ఆపరేషన్ అయిపోయిన పిల్లలు ఉంటారు, మెల్లకన్ను ఉన్నవాళ్ళు, ఒక చెవి వినపడనివాళ్ళు ఉంటారు, జీవితాంతం తోడు కావాల్సినవాళ్ళూ ఉంటారు. ఆ లిస్టు చదివి, మీరిద్దరూ కూర్చుని, దేనికి ఔను దేనికి కాదు అని నిజాయతీగా రాసుకోండి. "కాదు" అని రాసినందుకు మిమ్మల్ని ఎవరూ తప్పు పట్టరు. ఔనని రాసి, తీరా బిడ్డ పేరు వచ్చాక వెనక్కి తగ్గితేనే గొడవ.

వయసు లెక్క కూడా ఇప్పుడే చూసుకోండి. రెండేళ్ళ లోపు బిడ్డకి భార్యాభర్తల వయసులు కలిపి 85 దాటకూడదు, రెండు నుంచి నాలుగేళ్ళకి 90, నాలుగు నుంచి ఎనిమిదికి 100, ఆపైన 110. ఒంటరిగా తీసుకునేవాళ్ళకి అదే వరుసలో 40, 45, 50, 55. బిడ్డకీ మీకూ కనీసం 25 ఏళ్ళ తేడా ఉండాలి, పెళ్ళయి రెండేళ్ళు కలిసి ఉండాలి, ఒంటరి మగవాళ్ళకి ఆడపిల్లని ఇవ్వరు. ఇప్పటికే ఇద్దరు పిల్లలుంటే స్పెషల్ నీడ్స్ పిల్లలకి, కుటుంబం దొరకడం కష్టమైన పిల్లలకి మాత్రమే మిమ్మల్ని పరిగణిస్తారు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు సగం మంది తట్టుకుని పడేది ఇక్కడ. ఇండియా, అమెరికా రెండూ దేశాల మధ్య దత్తతల మీద కుదిరిన 1993 హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాలు, కాబట్టి బిడ్డ వీసాకి ఐ-800ఏ, తర్వాత ఐ-800 అనే ఫారాలు వేయాలి, ఆ ఫారాలు వేసే హక్కు అమెరికా పౌరులకే ఉంది. హెచ్-1బీ మీద గానీ గ్రీన్ కార్డు మీద గానీ ఉన్నవాళ్ళు వేయలేరు. ఇండియా వైపు చూస్తే ఎన్నారైలుగా ముందు వరుసలో మీరే, అమెరికా వైపు చూస్తే బిడ్డని తీసుకెళ్ళే దారే కనపడదు. దత్తత పని మొదలుపెట్టకముందే ఇమ్మిగ్రేషన్ లాయరుతో గంటసేపు మాట్లాడండి, తర్వాత కాదు. ఇక్కడ దత్తత పూర్తయి, బిడ్డ అక్కడికి రాలేక, తల్లి ఉద్యోగం మానుకుని ఇండియాలో ఉండిపోవాల్సి రావడం మామూలు టెన్షన్ కాదు.

ఇంకో మాట. చెల్లెలి కూతుర్నో అన్నయ్య కొడుకునో తెచ్చుకోవాలనుకుంటే అది వేరే దారి, దానికి శిశుగృహతో పని లేదు. చట్టం లెక్కలో బంధువులంటే పెదనాన్న, బాబాయి, మేనత్త, మేనమామ, పిన్ని, పెద్దమ్మ, తాతయ్యలు, అమ్మమ్మ, నాయనమ్మ, అంతే. "వరుసకి బావగారి తమ్ముడి పిల్ల" ఇందులోకి రాదు. నోటరీ స్టాంపు పేపరు మీద రాయించుకున్న దత్తత పత్రంతో ఏ దేశమూ వీసా ఇవ్వదు. ఆ దారిలో కూడా ఢిల్లీలోని కారా, అదే కేంద్ర దత్తత వనరుల సంస్థ, నుంచి అభ్యంతరం లేదనే ఎన్‌ఓసీ కావాల్సిందే.

ఏజెన్సీ, హోమ్ స్టడీ

శిశుగృహకి నేరుగా దరఖాస్తు పెట్టలేరు. మీరున్న దేశంలో కారా గుర్తించిన ఏజెన్సీ లిస్టు కారా వెబ్‌సైట్‌లో ఉంటుంది, అందులో ఒకదాన్ని పట్టుకోవాలి. అలాంటి ఏజెన్సీ గానీ, అక్కడి ప్రభుత్వం తరఫున ఈ పని చూసే శాఖ గానీ లేని చోట ఉన్న ఎన్నారైలు ఇండియన్ ఎంబసీ ద్వారా వెళ్ళాలి. ఏజెన్సీ సోషల్ వర్కర్ మీ ఇంటికొచ్చి హోమ్ స్టడీ (మీ కుటుంబ పరిస్థితులు చూసి రాసే నివేదిక) చేసి, కేరింగ్స్ అనే పోర్టల్‌లో మీ కాగితాలన్నీ ఎక్కిస్తుంది. అక్కడి నుంచే మీ వరుస మొదలు.

హోమ్ స్టడీలో మనవాళ్ళు దాచే విషయాలు మూడు: ముందు పెళ్ళి ఒకటి విడాకులయిందని, ఎప్పుడో డిప్రెషన్‌కి మందులు వాడామని, అత్తగారికి ఇది ఇష్టం లేదని. మొదటి రెండూ రాసినంత మాత్రాన మిమ్మల్ని పక్కన పెట్టరు, దాచిపెట్టి దొరికితే పెడతారు. మూడోది మాత్రం నిజంగానే తేల్చుకోవాల్సిన విషయం. వీడియో కాల్‌లో "మా పోలిక వస్తుందా, కులం ఏంటి" అని అడిగే అమ్మమ్మ ఉంటే, ఆ ప్రశ్న రేపు బిడ్డ ముందు అడగకుండా చూసుకోవాల్సింది మీరే. కులం మేం చెప్పం. చాలామంది పిల్లల విషయంలో మాకూ తెలియదు.

పేర్లు సరిచూసుకోండి. నవ్వకండి, మా దగ్గర ఒక ఫైలు ఐదు వారాలు ఆగింది దీనికోసమే. ఆవిడ పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు పూర్తిగా ఉంది, పెళ్ళి సర్టిఫికెట్‌లో అత్తింటి ఇనీషియల్ ఒక్క అక్షరం, అమెరికా కాగితాల్లో భర్త పేరు చివర తగిలించారు. ముగ్గురూ ఒకే మనిషని అఫిడవిట్ చేయించి, నోటరీ, అపోస్టిల్ (కాగితం వేరే దేశంలో చెల్లేలా వేసే ప్రభుత్వ ముద్ర) అన్నీ అయ్యేసరికి సంక్రాంతి వెళ్ళిపోయింది. మన ఇంటిపేర్లతో వచ్చే తంటా ఇది. మొదటి రోజే అన్ని కాగితాలూ బల్ల మీద పరిచి, స్పెల్లింగు అక్షరం అక్షరం కలిపి చూసుకోండి.

ఈలోపు శిశుగృహలో ఏం జరుగుతుంది

మీరు అక్కడ వేలిముద్రలు ఇస్తున్న రోజుల్లో ఇక్కడ ఏ బస్టాండులోనో ఒక బిడ్డ దొరికి ఉండొచ్చు. దొరికిన 24 గంటల్లో ఆ బిడ్డని బాలల సంక్షేమ సమితి ముందు పెట్టాలి. పోలీసులు విచారిస్తారు, పేపర్లో ఫొటో వేసి ప్రకటన ఇస్తారు. మీరెప్పుడైనా లోపలి పేజీల్లో ఆ చిన్న చిన్న ఫొటోలు చూసే ఉంటారు, తిప్పేసి ఉంటారు. ఎవరూ రాకపోతే రెండేళ్ళ లోపు బిడ్డని రెండు నెలల్లో, పెద్ద బిడ్డని నాలుగు నెలల్లో "లీగల్లీ ఫ్రీ", అంటే దత్తతకి చట్టపరంగా సిద్ధం, అని సమితి ప్రకటిస్తుంది. తల్లే వచ్చి అప్పగించిన బిడ్డయితే ఆమెకి 60 రోజుల గడువు ఉంటుంది, మనసు మారితే వెనక్కి తీసుకెళ్ళొచ్చు. మా దగ్గర ఒకమ్మాయి యాభై ఏడో రోజున వాళ్ళ నాన్నని వెంటబెట్టుకుని వచ్చింది. బిడ్డని ఇచ్చి పంపాం. ఆ రోజు అందరం గులాబ్ జామున్ తిన్నాం.

ఇంత సాగదీత ఎందుకని అడిగేవాళ్ళకి మన రాష్ట్రం కథే చెప్పాలి. 1999లోనూ మళ్ళీ 2001లోనూ, తెలంగాణ తండాల నుంచి లంబాడా ఆడపిల్లల్ని తల్లుల దగ్గర కొద్దిపాటి డబ్బుకి కొని, హైదరాబాద్‌లో కొన్ని హోమ్‌ల ద్వారా విదేశాలకి దత్తత పంపుతున్నారని బయటపడింది. కాగితాలన్నీ పక్కాగా ఉన్నాయి, "తల్లి ఇష్టపూర్వకంగా ఇచ్చింది" అని వేలిముద్రలతో సహా. అప్పటి ప్రభుత్వం బిడ్డని రాసిచ్చే పద్ధతి మీదే ఆంక్షలు పెట్టింది. ఆ రోజుల్లో బయటికి వెళ్ళిన కొందరు పెద్దవాళ్ళయి ఇప్పుడు తమ అమ్మెవరో వెతుక్కుంటూ వస్తుంటే, వాళ్ళకి చూపించడానికి కాగితం ఉంటుంది గానీ అందులో నిజం ఉంటుందన్న నమ్మకం ఉండదు. అందుకే ఎవరైనా "త్వరగా చేయిస్తాను, హాస్పిటల్ నుంచే నేరుగా ఇప్పిస్తాను" అంటే ఆ నంబరు బ్లాక్ చేయండి. చట్టం తప్పించి దత్తత ఇచ్చినా తీసుకున్నా మూడేళ్ళ వరకు జైలు, బిడ్డని కొన్నా అమ్మినా ఐదేళ్ళ వరకు.

రెఫరల్ వచ్చాక 96 గంటలు

మీ వరుస వచ్చినప్పుడు ఇద్దరు పిల్లల ప్రొఫైల్స్ కనిపిస్తాయి, రెఫరల్ అంటే అదే. ఒకరిని రిజర్వ్ చేసుకోవడానికి 96 గంటల టైముంటుంది, రెండో బిడ్డ ప్రొఫైల్ దానంతటదే వెనక్కి వెళ్ళిపోతుంది. రిజర్వ్ చేశాక 30 రోజుల్లో చైల్డ్ స్టడీ రిపోర్టు, మెడికల్ రిపోర్టు మీద సంతకం పెట్టి ఒప్పుకోవాలి. ఏ శిశుగృహ నుంచి బిడ్డ వస్తుందన్నది మీ చేతిలో లేదు, తెలుగు మాట్లాడే బిడ్డే కావాలని పట్టుబడితే ఎదురుచూపు ఇంకా పెరగొచ్చు.

ఆ ఫొటో చూడగానే మనసు పారేసుకుంటారు, అది సహజం. అయినా కూర్చుని మెడికల్ రిపోర్టు చదవండి. బరువు, పొడుగు, తల చుట్టుకొలత ఎన్నిసార్లు కొలిచారో, వరుసగా పెరుగుతున్నాయో లేదో చూడండి. ఒక్క కొలత చూసి ఏమీ తేల్చలేం. శిశుగృహలో పెరిగిన పిల్లలు మాటలు ఆలస్యంగా నేర్చుకుంటారు, ఎందుకంటే ఆరుగురు పిల్లలకి ఒక ఆయమ్మ ఉన్నచోట ఎవరితో ఎంతసేపని మాట్లాడుతుంది? కాబట్టి "మాటల్లో వెనకబాటు" అని కనపడితే కంగారుపడొద్దు, అలాగని కొట్టిపారేయొద్దు కూడా, ఇలాంటి రిపోర్టులు చదివే అలవాటున్న పిల్లల డాక్టరుకి పంపండి. ఏజెన్సీ ద్వారా మమ్మల్ని అడగండి: ఏం తింటుంది, ఎవరి దగ్గర నిద్రపోతుంది, దేనికి భయపడుతుంది. మేం ఆ ప్రశ్నల కోసమే చూస్తుంటాం. పుట్టిన తేదీ మీద మాత్రం మరీ ఆశపెట్టుకోకండి, దొరికిన పిల్లల విషయంలో అది డాక్టరు అంచనా వేసిందే.

కాగితాల వరుస

ఇది పొడుగ్గా ఉంటుంది గానీ కష్టం కాదు. మీరు ఒప్పుకున్నాక మీ దేశం హేగ్ ఒప్పందం 5, 17 ఆర్టికల్స్ కింద అనుమతి లేఖలు ఇస్తుంది, వాటిని చూసి కారా ఎన్‌ఓసీ ఇస్తుంది. ఎన్‌ఓసీ వచ్చాక, కావాలంటే ఆర్డరు రాకముందే బిడ్డని ఇండియాలోనే మీ దగ్గర ఉంచుకునే వీలుంది. తర్వాత శిశుగృహ తరఫున మేం జిల్లా కలెక్టరుకి దరఖాస్తు పెడతాం. 2022 సెప్టెంబరు దాకా ఇది కోర్టులో జరిగేది, ఇప్పుడు దత్తత ఆర్డరు ఇచ్చేది జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో కలెక్టరే, గడువు రెండు నెలలు. వరదలు, ఎన్నికలు వస్తే ఆ గడువు ఏమవుతుందో మీరే ఊహించుకోండి. ఆర్డరు వచ్చాక కారా అదే ఒప్పందం ఆర్టికల్ 23 కింద, దత్తత పద్ధతి ప్రకారమే జరిగిందని కన్ఫర్మిటీ సర్టిఫికెట్ ఇస్తుంది, మీ పేర్లతో బర్త్ సర్టిఫికెట్ వస్తుంది, బిడ్డకి ఇండియన్ పాస్‌పోర్టు వస్తుంది. అమెరికా వెళ్ళేవాళ్ళు వీసా కోసం ఢిల్లీ ఎంబసీకి పోవాల్సిందే, హైదరాబాద్‌లో కాన్సులేట్ ఉంది కదా అని టికెట్లు అటు బుక్ చేసుకోకండి. దత్తత పూర్తయిన బిడ్డకిచ్చే ఐహెచ్-3 వీసా మీద బిడ్డ అమెరికాలో అడుగుపెట్టగానే పౌరసత్వం వచ్చేస్తుంది.

డబ్బు సంగతి: విదేశీ దత్తతలో శిశుగృహ వైపు కట్టేది 5,000 డాలర్లు, రసీదుతో. మీ ఏజెన్సీ ఫీజు, లాయరు, ప్రయాణాలు దానికి అదనం, ఖర్చంతా అక్కడే. దాని మీద విరాళమని, హుండీ అని, స్టాఫ్‌కి స్వీట్లని ఎవరడిగినా ఇవ్వకండి, మీ అంతట మీరూ ఇవ్వకండి. మంచి మనసుతో ఇచ్చే కవరు కూడా పక్క ఫైలువాళ్ళకి అన్యాయమవుతుంది.

కలిసే రోజుకి ముందు

రిపోర్టుల మీద సంతకం అయిపోగానే ఒక ఫొటో ఆల్బమ్ చేసి పంపండి. ప్లాస్టిక్ కవర్లున్న గట్టిది, ఎందుకంటే అది నోట్లో పెట్టుకుంటారు, నీళ్ళలో వేస్తారు. మీ ఇద్దరి ముఖాలు పెద్దగా, ఇల్లు, మంచం, కుక్క ఉంటే కుక్క. డిస్నీలాండ్ ముందు నిలబడ్డ ఫొటోలు వద్దు, అందులో మీ ముఖం బఠాణీ గింజంత ఉంటుంది. ఐదేళ్ళ పాప ఒకతెకి అలా ఆల్బమ్ వస్తే మా ఆయమ్మ రోజూ అన్నం తినిపిస్తూ చూపించేది, ఇది అమ్మ, ఇది నాన్న, ఇవి మెట్లు. ఆ పిల్లకి అన్నిట్లోకీ మెట్లు నచ్చాయి. మా శిశుగృహ మొత్తం ఒకటే అంతస్తు. తల్లిదండ్రులు వచ్చిన రోజు వాళ్ళని అడిగిన మొదటి మాట "మెట్లేవి?"

వచ్చేటప్పుడు మనిషంత టెడ్డీ బేర్ తేవద్దు. సెంటు కొట్టుకోకండి. చుట్టాలందర్నీ వెంటేసుకుని రావద్దు, మీరిద్దరే రండి. లోపలికి రాగానే ఎత్తుకోవాలని చూడకండి, బిడ్డ ఆయమ్మ కొంగు వెనక దాక్కుంటే మీరు కింద కూర్చోండి, ఆయమ్మతో మామూలుగా మాట్లాడండి. అమ్మ అనుకునే మనిషి మీతో నవ్వుతూ మాట్లాడుతుంటే పిల్ల అదే గమనిస్తుంది. వీలుంటే నాలుగైదు రోజులు వరుసగా రండి, మొదటిరోజు గంట, తర్వాత అన్నం టైముకి, తర్వాత స్నానం, నిద్ర. ఆయమ్మ ఎలా పడుకోబెడుతుందో చూసి ఆ జోల పాట ఫోన్‌లో రికార్డు చేసుకోండి. పెరుగన్నం మెత్తగా పిసికి పెడుతుందా, ఇడ్లీలో పంచదార వేస్తుందా, రాసుకోండి. అమెరికా వెళ్ళి మొదటి వారం బిడ్డ ఏదీ తినకపోతే మీకు పనికొచ్చేది ఆ చీటీయే.

బిడ్డ వెంట తెచ్చే సంచిలో పాత గౌను, ఆయమ్మ చీర ముక్క ఉంటాయి. ఉతక్కండి. ఆ వాసన ఉన్నన్నాళ్ళూ ఉండనివ్వండి.

బిడ్డ పేరు గురించి ప్రతి జంటా అడుగుతారు. మార్చుకోవచ్చు. కానీ ఐదేళ్ళు ఆ పేరుతో పలికిన పిల్లకి ఆ పేరు తప్ప తనదంటూ ఇంకేం లేదు, కనీసం మిడిల్ నేమ్‌గా అయినా ఉంచండి అని నేను ప్రతిసారీ చెప్పేదాన్ని. విన్నవాళ్ళున్నారు, విననివాళ్ళూ ఉన్నారు.

వెళ్ళిపోయాక

రెండేళ్ళ పాటు ఏజెన్సీ సోషల్ వర్కర్ వచ్చి చూసి రిపోర్టు పంపాలి, మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి, మొత్తం ఆరు. ఇవి ఎగ్గొట్టకండి, కుదరడం లేదనిపిస్తే రిపోర్టులో అంతా బాగుందని రాయించకండి. మొదటి ఆర్నెల్లు బిడ్డ విసిరికొడుతుంది, తిండి దిండు కింద దాస్తుంది, లేదంటే అనుమానం వచ్చేంత బుద్ధిగా ఉంటుంది. ఈ మూడూ మేం చూసినవే, ఏజెన్సీ వాళ్ళకి చెబితే సాయం చేసేవాళ్ళుంటారు. దత్తత అన్న సంగతి మొదటి నుంచీ చెప్పి పెంచండి. బిడ్డకి 18 నిండాక తన మూలాలు వెతుక్కోవాలంటే దరఖాస్తు పెట్టుకునే హక్కుంది, అయితే కన్నతల్లి గోప్యత కోరుకుంటే దానికీ చట్టం విలువిస్తుంది. శిశుగృహ నుంచి తెచ్చుకున్న ప్రతి కాగితం, ఆ పేపరు ప్రకటన కటింగుతో సహా, ఒక ఫైల్లో పెట్టి బిడ్డ కోసం దాచండి.

ఆ రిపోర్టులు ఇంగ్లీషులో పోర్టల్‌లోకి వెళ్తాయి, ఆయమ్మ దాకా రావు. అందుకని ఏడాదికోసారి ఒక ఫొటో ప్రింటు వేయించి పోస్టులో పంపండి. వెనకాల తెలుగులో రెండు ముక్కలు, బిడ్డ పొడుగెంతో కూడా రాయండి. ఫొటో చేతికివ్వగానే మా ఆయమ్మ ముందు అదే అడిగేది, తర్వాత గోడ మీద జానతో కొలుచుకునేది.